పాడెకు ఎడమ పక్క ఇళ్ళు

ఈమధ్య ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ ఏ ఫంక్షన్ హాలుకి వెళ్ళినా, భోజనాలకి వెళ్ళే దారిలో ఒక మూల చిన్న బల్ల, రెండు కుర్చీలు, ‘లైవ్ స్కెచ్’ అని ఒక బోర్డు కనిపిస్తున్నాయి. బల్ల వెనక ఒక అబ్బాయో అమ్మాయో కూర్చుని, ఎదురుగా కూర్చున్నవాళ్ళ బొమ్మ గీసి చేతిలో పెట్టేస్తున్నారు. వాళ్ళలో కొందరు మా ఇంటికొచ్చి, “మాస్టారూ, ఇన్నేళ్ళు ఈ పనే చేశారు కదా, మాకు పనికొచ్చేవి రాసిపెట్టండి” అన్నారు. రాస్తున్నాను.

నా కుడి బొటనవేలు ఇప్పుడు పెన్సిల్ పట్టదు. ఏమైందని అడిగిన ప్రతివాళ్ళకీ కొల్లేట్లో గూడబాతు కొరికిందని చెప్పాను. ఏలూరులో సగం మంది నమ్మారు. నమ్మనివాళ్ళకి ఆ గూడబాతు తరవాత వచ్చి క్షమాపణ చెప్పిందని కూడా చెప్పాను. అసలు సంగతి నరం పట్టేయడం. డాక్టరు గారు ఇక గియ్యొద్దన్నారు. యాభై ఆరేళ్ళకే, పెన్షన్ లేని ఉద్యోగం నుంచి, దండ లేకుండా రిటైరయ్యాను.

కదలకుండా కూర్చోబెట్టడం

కాలేజీలో ఎవరూ చెప్పనిది ముందు చెబుతాను. మనిషిని “కదలకండి” అంటే కదులుతాడు. కథ చెబితే కదలడు. నాటకం వేసేవాడు కదులుతాడు, అది వాడి పని, మనమే వాడి వెంట పరిగెత్తాలి. పెళ్ళికొచ్చిన మేనత్త కదలకూడదు. అందుకని నేను గీస్తున్నంతసేపూ కోతలు కోసేవాణ్ణి. కొల్లేట్లో కొరమేను నా స్కెచ్ బుక్ మింగేసిందనీ, వారం తరవాత ఏలూరు చేపల మార్కెట్లో అదే చేపని కోయిస్తే పుస్తకం దొరికిందనీ, రంగులు మాత్రం కాస్త చెదిరాయనీ చెప్పేవాణ్ణి. పెదపాడులో ఒక రైతు గారు ఆ కథ విని, “చేప ఎంత తూగిందండీ?” అని అడిగారు. పుస్తకంతో కలిపా, లేకుండానా అన్నాను. ఆయన ఆలోచిస్తున్నంతసేపట్లో ముక్కు, గడ్డం పూర్తయిపోయాయి.

కథ నోట్లో ఉండాలి, కళ్ళు మనిషి మీద ఉండాలి. ఇది అలవాటయ్యాక ఇంకోటి కూడా అలవాటవుతుంది. నోటితో చెప్పే అబద్ధం మెల్లగా చేతిలోకి దిగుతుంది. దాని సంగతి చెబుతాను.

నిద్రపోతున్న దాతలు

తాడేపల్లిగూడెంలో శేషగిరి గారని ఒకాయన ఏటా పద్యనాటకాల పోటీలు పెట్టేవారు. నాకు మొదటి పని ఇచ్చింది ఆయనే. రంగస్థలాన్నీ ప్రేక్షకులనీ గీసి, చివరి రోజు ఫ్రేములు కట్టి దాతలకి బహుమానంగా ఇవ్వాలి. మొదటి ఏడాది నేను చూసింది చూసినట్టు గీశాను. ముందు వరుసలో దాతలు నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఒకాయన తల పక్కాయన భుజమ్మీద ఉంది.

శేషగిరి గారు బొమ్మ చూసి తల పట్టుకున్నారు. “ఏవండీ, వచ్చే ఏడు పోటీలు జరగాలా వద్దా?”

“నిద్రపోయారు కదండీ మరి.”

“పోతారండీ, రోజంతా మిల్లులో కూర్చుని వచ్చిన మనుషులు. కళ్ళు తెరవండి. రెండు చుక్కలు పెడితే తెరుచుకుంటాయి. మీ సొమ్మేం పోయింది?”

చుక్కలు పెట్టాను. దాతలు సంతోషించారు. ఆ తరవాత ఎన్ని కళ్ళు తెరిచానో, ఎన్ని పొట్టలు తగ్గించానో, ఎన్ని బట్టతలలకి జుట్టు మొలిపించానో లెక్కలేదు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. శేషగిరి గారు మంచి మనిషే, మంచి బాసే. కానీ రెండు చుక్కలు పెట్టడానికి అలవాటుపడ్డ చేతిని ఎక్కడ ఆపాలో ఆయన నాకు చెప్పలేదు. ఆయనకీ తెలియదు.

ఇక్కడి నుంచి కోతలు ఆపేస్తున్నాను.

పెద్దిరాజు ఇంటి ఫంక్షను

కొల్లేటి లంకల్లో ఒక ఊరు. పేరు రాయను. అక్కడ పెద్దిరాజు అని చేపల చెరువుల మీద పనిచేసుకునే మనిషి. ఏలూరు మార్కెట్టుకి చేపలు తెచ్చినప్పుడు పక్క హాల్లో నేను గీస్తుంటే చూశాడట. ఒకరోజు వచ్చి, తన కూతురు దుర్గకి ఓణీల ఫంక్షన్ చేస్తున్నాననీ, రావాలనీ అడిగాడు.

“ఫొటోగ్రాఫర్ ఉన్నాడా? ఉంటే నేను ఏ పక్క కూర్చోవాలో చూసుకుంటాను” అన్నాను.

“ఎవరూ లేరండి. ఎవరూ రామన్నారు” అన్నాడు.

అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

వెళ్ళేసరికి ఇంటి ముందు పందిరి ఉంది. కుర్చీలు వరసగా వేసున్నాయి. గాడిపొయ్యి మీద కూర ఉడుకుతోంది. దుర్గ పట్టు ఓణీ కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని పెద్ద కుర్చీలో కూర్చుంది. దుర్గ తల్లి, మేనమామ, పెద్దిరాజు తప్ప ఎవరూ లేరు. వీధిలో మనుషులు తిరుగుతూనే ఉన్నారు. పందిరి దగ్గరికి రాగానే మొహం అటు తిప్పుకుని వెళ్ళిపోతున్నారు. పిల్లలు కూడా.

మేనమామ నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. కొల్లేట్లో చెరువులు తవ్వకూడని చోట ఊరంతా కలిసి ఒక చెరువు తవ్వారు. అధికారులు వచ్చి ఇది ఎవరిదని అడిగారు. అందరూ తెలియదన్నారు. పెద్దిరాజుని అడిగితే, “మాదేనండి, మేమంతా కలిసి తవ్వుకున్నాం” అన్నాడు. చెరువుకి గండి కొట్టేశారు. ఆ సాయంత్రమే ఊరిపెద్దలు కూర్చుని పెద్దిరాజు ఇంటిని వెలేశారు. వాళ్ళతో మాట్లాడకూడదు, వాళ్ళింట్లో నీళ్ళు తాగకూడదు, శుభానికీ అశుభానికీ వెళ్ళకూడదు. ఎవరు వెళ్తే వాళ్ళకీ అదే వెలి. పక్క లంకల్లోని చుట్టాలకి కూడా కబురు పంపారు. మేనమామ ఒక్కడే తెగించి వచ్చాడు.

“మరి ఎవరూ రారని తెలిసి ఇంత వంట ఎందుకండీ?” అన్నాను.

“మా అత్త కోసవండి” అన్నాడు.

పెద్దిరాజు తల్లి ముత్యాలమ్మ వెనక గదిలో మంచమ్మీద ఉంది. తుంటి విరిగి కొన్ని నెలలుగా లేవడం లేదు. చెవులు సరిగా వినపడవు, చూపు మాత్రం శుభ్రంగా ఉంది. ఆవిడ ఒకప్పుడు ఊళ్ళో మంత్రసాని. ఆస్పత్రులు దగ్గర కాని రోజుల్లో ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ఆవిడ చేతుల్లోనే పడ్డాడు. వెలి సంగతి ఆవిడకి తెలియదు. జనం చూడ్డానికి ఎందుకు రావడం లేదని అడిగితే, చెరువుల్లో పట్టుబడులు, ఎవరికీ తీరిక లేదని పెద్దిరాజు చెప్పుకొస్తున్నాడు. మనవరాలి ఫంక్షన్‌కీ ఎవరూ రాలేదంటే ఆవిడకి తెలిసిపోతుంది. ఆ మనిషి ఎన్నాళ్ళో ఉండదు. ఆ కొద్దిరోజులూ ఆవిడకి తెలియకూడదు. అదీ పెద్దిరాజు పట్టుదల.

“మాస్టారూ, జనాన్ని వెయ్యండి” అన్నాడు నా దగ్గరికొచ్చి. చేతిలో తన పెళ్ళి ఆల్బమ్ ఉంది. “ఇందులో ఊరంతా ఉన్నారు. కాస్త వయసు పెంచి, ఈ కుర్చీల్లో కూర్చోబెట్టండి. మా అమ్మకి చూపిస్తాను.”

రెండు చుక్కలు పెట్టినంత తేలికగానే ఒప్పుకున్నాను.

మీసాలాయన

ఇన్నేళ్ళ పనిలో అంత శ్రద్ధగా గీసిన బొమ్మ లేదు. ఖాళీ కుర్చీల ఎదురుగా కూర్చుని ఒక్కొక్కళ్ళనీ ఆల్బమ్‌లోంచి తీసి కూర్చోబెట్టాను. జుట్టు నెరిపించాను, బుగ్గలు జార్చాను. ముందు వరుసలో బాగా కుదిరే మొహం కావాలని చూస్తే, గుబురు మీసాలతో ఒకాయన దొరికాడు. అలాంటి మొహం దొరికితే మనం వదలం. ఆయన్ని దుర్గ పక్కనే నిలబెట్టి, చేత్తో అక్షింతలు వేయించాను.

పెద్దిరాజుకి చూపించాను. అతను బొమ్మలో కూతుర్ని మాత్రమే చూశాడు. కళ్ళు తుడుచుకుని, “మీరే చూపించండి మాస్టారూ, నేను చూపిస్తే ఏడుస్తాను” అన్నాడు. అతను బయటే ఉండిపోయాడు. నేను లోపలికి వెళ్ళాను.

ముత్యాలమ్మ బొమ్మని రెండు చేతుల్తో పట్టుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. పేర్లు చెప్పుకుంటూ పోయింది. “ఈడు అడ్డం తిరిగి పుట్టాడు... ఇది ఏడో నెలలోనే వచ్చేసింది, దూదిలో పెట్టి పెంచాం...” నాకు లోపల గర్వంగా ఉంది. ఆవిడ వేలు మీసాలాయన మీద ఆగింది.

“ఈయనెవరు బాబూ?”

“ఊరిపెద్దంట కదమ్మా” అని మీసాలు చూసి కల్పించి, ఆవిడ చెవి దగ్గర గట్టిగా అన్నాను. “ముందుగా వచ్చింది ఆయనే. దుర్గని దీవించారు.”

ఆవిడ నా మొహంలోకి చూసింది.

“పోయాడు బాబూ ఈయన. వానలప్పుడు పోయాడు, గట్టు మీద నీళ్ళుంటే పడవలో తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళి ఏడ్చాను.” బొమ్మని గుండెల మీదకి దించుకుని, “చచ్చినోడు వచ్చాడంటే బతికున్నోళ్ళు ఒక్కళ్ళూ రాలేదన్నమాట” అంది.

ఇరవై కోతలు కోయగలిగిన నోటికి ఆ గదిలో ఒక్కటీ రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అధికారులు, చెరువు, వెలి, అన్నీ. ఆవిడ పెదాల వంక చూస్తూ విన్నది.

“ఆడికి చిన్నప్పట్నుంచీ అదే రోగం” అంది. “పక్కింట్లో జామకాయ కోసి, వాళ్ళకే చెప్పొచ్చేవాడు. తన్నులు తినేవాడు. మళ్ళీ కోసేవాడు, మళ్ళీ చెప్పేవాడు.”

అప్పుడే పెద్దిరాజు గుమ్మంలోకి వచ్చాడు. “చూశావా అమ్మా?”

“చూశాను నాయనా. అందరూ వచ్చారు. కూర సరిపోయిందా?”

“సరిపోయిందమ్మా. ఏవీ మిగల్లేదు.”

“ఉప్పు?”

“బాగుందన్నారమ్మా అందరూ.”

ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తల్లీ కొడుకూ ఆ మాటలన్నీ ఆడారు. తరవాత అతను, మేనమామ కలిసి గుండిగలు మోసుకెళ్ళి అన్నం, కూర ఇంటి వెనక చెరువులో పోసేశారు. నీళ్ళు ఒక్కసారిగా తెల్లగా కదిలాయి. చేపలకి వెలి లేదు.

నేను వెళ్ళొస్తానని చెప్పడానికి మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళాను. ముత్యాలమ్మ నా మణికట్టు పట్టుకుంది. బిడ్డల్ని లాగిన చెయ్యి, పట్టు ఇంకా ఉంది.

“నేను పోయినప్పుడు రా బాబూ. అప్పుడూ వెయ్యి బొమ్మ. వచ్చినోళ్ళనే వెయ్యి. ఒక్కడొస్తే ఒక్కణ్ణే. మా వాడు బతిమాలినా ఇంకోళ్ళని కలపకు.”

నలుగురు

వానాకాలం దాటక ముందే పెద్దిరాజు ఫోన్ చేశాడు. “అమ్మ పోయిందండి” అన్నాడు. గట్టు మీదుగా వాళ్ళ ఇంటి దాకా ఆటోలో వెళ్ళాను.

పని నియమం మీకు చెప్పాలి. గీసేవాడు దూరంగా నిలబడాలి. ఏడుపులో కలిస్తే గీత వణుకుతుంది. అందుకని నేను పందిరి గుంజకి ఆనుకుని పుస్తకం తెరిచాను. పాడె సిద్ధమైంది. మొయ్యడానికి పెద్దిరాజు, మేనమామ ఉన్నారు. నన్ను తెచ్చిన ఆటో అతను వెళ్ళిపోబోతూ, సంగతి చూసి, చెప్పులు విప్పి వచ్చాడు. అంతే. ముగ్గురు. వీధి పొడుగునా తలుపులు మూసున్నాయి. పగటిపూట ఒక వీధి తలుపులన్నీ మూసుండటం నేను ముందు చూడలేదు.

ముగ్గురు మొయ్యలేరు. పెద్దిరాజు ఎవరినీ పిలవలేదు. తల వంచుకుని పాడె దగ్గర కూర్చున్నాడు. నేను పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను.

కొడుకు నిప్పు కుండ పట్టుకుని ముందు నడవాలి. కొడుకు భుజం పాడెకి కావాల్సొచ్చింది కాబట్టి కుండ దుర్గ పట్టుకుంది. మేనమామ వద్దన్నాడు, ఆడపిల్ల అన్నాడు. “మరి ఎవరు పట్టుకుంటారు మావయ్యా?” అంది ఆ పిల్ల.

పాడెకి ఎడమవైపు ముందు నేను, నా వెనక మేనమామ. కుడివైపు ముందు పెద్దిరాజు, అతని వెనక ఆటో అతను. కుడి భుజమ్మీద బరువుంటే తల ఎడమకే తిరుగుతుంది. కుడివైపు వెదురు తప్ప ఏమీ కనపడదు. వీధి పొడుగునా ఎడమ పక్క ఇళ్ళే చూస్తూ నడిచాను. ప్రతి తలుపూ చూశాను. ఆకుపచ్చ రంగు తలుపు, కింద చెక్క పుచ్చిన తలుపు, గొళ్ళెం బదులు తాడు కట్టిన తలుపు. కొన్ని తలుపులు బెత్తెడు తెరిచి ఉన్నాయి. సందులో వేళ్ళున్నాయి. ఒక కిటికీ ఊచల వెనక ఎవరిదో ఏడుపు వినపడింది, చెంగు నోట్లో కుక్కుకున్న ఏడుపు. తలుపు మాత్రం తెరుచుకోలేదు. వాళ్ళలో ఎంతమందిని మా భుజాల మీద ఉన్నావిడ ఈ లోకంలోకి లాగి ఉంటుందో వాళ్ళకే తెలియాలి.

ఇంటికొచ్చాక గీశాను. ఎదురుగా ఏమీ పెట్టుకోకుండా, గుర్తున్నదాన్ని బట్టి నేను గీసిన బొమ్మ అదొక్కటే. కుండతో పిల్ల, పాడె, నలుగురు, ఎడమ పక్క ఇళ్ళు, మూసిన తలుపులు. కుడి పక్క కాగితం తెల్లగా వదిలేశాను. అటు నేను చూడలేదు.

పెద్దిరాజు ఆ బొమ్మని ఫ్రేము కట్టించి, వీధివైపు వసారాలో తగిలించాడు. వచ్చేపోయేవాళ్ళు ఎవరి తలుపు వాళ్ళు గుర్తుపట్టారు. ఎడమ పక్క వాళ్ళకి మండింది. కుడి పక్క వాళ్ళు బతికిపోయామనుకున్నారు. పెద్దలకి ఆ బొమ్మ అక్కడ ఉండటం ఇష్టం లేదు. తీసెయ్యమని చెప్పాలంటే పెద్దిరాజుతో మాట్లాడాలి. మాట్లాడితే వెలి. అందుకని ఎవరూ చెప్పలేకపోయారు. బొమ్మ అక్కడే ఉంది. నా జన్మలో నేను కల్పించిన ఏ కథా దీనికి సాటి రాదు.

కుడి పక్క నుంచి వచ్చినావిడ

కొన్నాళ్ళకి ఒకావిడ ఏలూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. పెద్దిరాజు ఊరేనని చెప్పింది.

“మాది కుడి పక్క ఇల్లండి” అంది. “ఆ రోజు నేను లోపల లేనండి. బయటికొచ్చాను. గుమ్మం ముందు నిలబడి దణ్ణం పెట్టాను. నా ఇద్దరు పిల్లలూ ముత్యాలమ్మ గారి చేతుల్లోనే పుట్టారండి. ఎలా లోపల ఉంటాను?”

“మంచి పని చేశారమ్మా.”

“మీరు చూళ్ళేదు. మీ తల అటుంది. ఆ తెల్లటి చోట నన్ను వెయ్యండి, మొహం తెలియకుండా వేసినా చాలు. దుర్గ చూస్తుంది కదా రోజూ. మేం ఎవ్వరం రాలేదనుకుంటుంది.”

ఆవిడ అబద్ధం చెబుతోందని నేననను. ఇప్పటికీ అనను. కానీ నేను చూడలేదు. చూడనివాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టిన బొమ్మ ఏమైందో నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను.

“పెద్దిరాజు చూశాడండి” అంది వెంటనే. “నా ముందు నుంచే వెళ్ళాడు. ఇంత దూరం. ఫోన్ చేసి అడగండి.”

చేశాను. ఆవిడకి కూడా వినపడేటట్టు స్పీకర్ పెట్టాను.

“పెద్దిరాజు గారూ, ఆ రోజు కుడి పక్క ఎవరైనా బయట నిలబడ్డారా?”

అవతల చెరువు ఇంజను చప్పుడు వినపడుతోంది.

“నేను తలెత్తలేదండి” అన్నాడు. “కావాలనే ఎత్తలేదు. చూస్తే ఎవరు వచ్చారో ఎవరు రాలేదో గుర్తుండిపోతుంది. రేపు ఈళ్ళ మధ్యే కదండీ బతకాలి. నా పాదాలు చూసుకుంటూ నడిచాను.”

ఆవిడ చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి.

“ఎందుకండీ, ఎవరైనా నిలబడ్డామన్నారా?” అన్నాడు పెద్దిరాజు. “ఎవరండీ? పేరు చెప్పండి. చెబితే చాలండి, బొమ్మలో అక్కర్లేదు. మా దుర్గకి చెప్పుకుంటాను.”

నేను ఆవిడ వంక చూశాను. చెప్పమంటారా అని కళ్ళతో అడిగాను. ఆవిడ లేచి నిలబడింది. ఒక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి వద్దు వద్దని ఊపింది. ఊరి పెద్దలు ఏలూరులో మా వసారాలో కూర్చున్నట్టే భయపడింది.

“మాస్టారూ? ఉన్నారా?”

“ఉన్నానండీ” అన్నాను. “ఎవరూ కాదు లెండి. ఊరికే అడిగాను.”

“అలాగాండీ” అన్నాడు. కాసేపు ఫోన్ పెట్టలేదు. తరవాత పెట్టేశాడు.

ఆవిడ సంచీ తీసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, వీధి ఇటూ అటూ చూసుకుని బయటికి వెళ్ళింది.